టర్కీతో సరిహద్దు తెరవాలంటే ప్రవాస ఆర్మేనియన్లు వెనక్కి తగ్గాలా?

యెరెవాన్ మెడికో:
ఇక్కడ ఆర్మేనియా రాజధానిలో మెడిసిన్ చదువుతున్నాను. 1993 ఏప్రిల్ నుంచి టర్కీ వైపు సరిహద్దు మూసే ఉంది, అజర్‌బైజాన్ వైపూ అంతే. ఇక మిగిలిన దారులు జార్జియా, ఇరాన్. ప్రధాని పషిన్యాన్ టర్కీతో సంబంధాలు చక్కదిద్దుకుందాం అంటున్నాడు. 1915లో ఒట్టోమన్ టర్కీ పాలకులు ఆర్మేనియన్లపై సాగించిన జాతిహననానికి ప్రపంచ దేశాల గుర్తింపు సాధించడం తమ ప్రభుత్వానికి ఇప్పుడు ముఖ్యమైన పని కాదని కూడా తేల్చేశాడు. అమెరికాలో, ఫ్రాన్స్‌లో ఉన్న సంఘాలు దీని మీద మండిపడుతున్నాయి. అక్కడ హాయిగా ఉన్నవాళ్లు ఇక్కడివాళ్ల కడుపు కొట్టడం న్యాయమా?

గ్లెండేల్ తెలుగు:
‘హాయిగా ఉన్నవాళ్లు’ అనకు తమ్ముడూ. వాళ్లు అక్కడికి ఎలా చేరారో చూడు. పాత ప్రవాస కుటుంబాల్లో చాలామంది తాతముత్తాతలది యెరెవాన్ కానే కాదు. ఖర్పెర్త్, వాన్, మరాష్, ఐన్‌తాబ్... ఇవన్నీ ఇప్పుడు టర్కీలో ఉన్నాయి. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ మేధావులను అరెస్టు చేశారు. ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి సిరియా ఎడారిలో దేర్ ఎజ్జోర్ దాకా నడిపించారు. 6 లక్షల నుంచి 15 లక్షల దాకా చనిపోయారని అంచనాలున్నాయి. అప్పుడు యెరెవాన్ రష్యా సామ్రాజ్యంలో ఉంది. ఆ కుటుంబాల బాకీని మాఫీ చేసే హక్కు ఇవాళ్టి యెరెవాన్ ప్రభుత్వానికి ఎక్కడి నుంచి వస్తుంది?

సూటిగా:
బాకీ ఉంటే ఉండొచ్చు. కానీ వసూలు చేసే పద్ధతి వల్ల నష్టం జరిగింది. 2009 అక్టోబరు 10న జ్యూరిక్‌లో రెండు దేశాల విదేశాంగ మంత్రులు ఒప్పందాల మీద సంతకాలు చేశారు. సరిహద్దు తెరవడం అందులో ఉంది, చరిత్రను పరిశీలించే ఉపసంఘం కూడా ఉంది. జాతిహననం జరిగిందా లేదా అన్నదే మళ్లీ చర్చకు పెడతారని, ఆ ఉపసంఘం మాట వినగానే, సంతకాలకు ముందే పారిస్, బేరూత్, లాస్ ఏంజెలెస్‌లలో అప్పటి ఆర్మేనియా అధ్యక్షుడు సర్గ్‌స్యాన్‌కు నిరసనలు ఎదురయ్యాయి. ఒప్పందాలు అటకెక్కాయి.

చరిత్ర మాస్టారు:
నిరసనలు జరిగిన మాట నిజం. ఒప్పందాలు ఆగింది మాత్రం వాటివల్ల కాదు. సర్గ్‌స్యాన్ ఆ నిరసనలు చూసి కూడా సంతకం చేయించాడు కదా! అప్పటికే, 2009 మేలో, అప్పటి టర్కీ ప్రధాని ఎర్డోగాన్ అజర్‌బైజాన్ రాజధాని బాకూ వెళ్లి, ఆర్మేనియా, అజర్‌బైజాన్ కొట్లాడుకుంటున్న కరాబఖ్ ప్రాంతం సంగతి తేలేదాకా సరిహద్దు తెరవమని మాట ఇచ్చి వచ్చాడు. అంకారా పార్లమెంటు ఆ ఒప్పందాలను ఆమోదించలేదు. 2010 ఏప్రిల్‌లో ఆర్మేనియా తన ప్రక్రియ ఆపేసింది, 2018లో రద్దు చేసుకుంది.

అసలు 1993లో సరిహద్దు ఎందుకు మూశారు? కరాబఖ్ యుద్ధంలో ఆర్మేనియన్ దళాలు అజర్‌బైజాన్‌లోని కెల్బజార్ జిల్లాను పట్టుకున్నందుకు. జాతిహననం గుర్తింపు గొడవకీ దానికీ సంబంధం లేదు.

తర్వాత వరస చూడండి. ప్రవాసుల దశాబ్దాల ఒత్తిడి ఫలించి 2019 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభ 405–11 ఓట్లతో తీర్మానం చేసింది, డిసెంబరులో సెనేట్ చేసింది. 2021 ఏప్రిల్ 24న బైడెన్ జాతిహననం అని ప్రకటించాడు. మీ లెక్క ప్రకారం టర్కీ తలుపులు ఇంకా గట్టిగా బిగించాలి. జరిగిందేమిటి? అదే ఏడాది డిసెంబరులో రెండు దేశాలూ ప్రత్యేక ప్రతినిధులను నియమించాయి. 2022 ఫిబ్రవరిలో ఇస్తాంబుల్–యెరెవాన్ విమానాలు మళ్లీ మొదలయ్యాయి. 2020 కరాబఖ్ యుద్ధంలో అజర్‌బైజాన్ గెలవడంతో టర్కీ లెక్కలు మారాయి. అంతేగానీ వాషింగ్టన్‌లో ఎవరో గొంతు తగ్గించారని కాదు. సరిహద్దు విషయంలో ప్రవాసులను దోషులుగా నిలబెట్టడం, నా దృష్టిలో, అంకారాను బాధ్యత నుంచి తప్పించడమే.

సూటిగా:
మరి హ్రాంట్ డింక్ సంగతి? ఇస్తాంబుల్‌లో ‘అగోస్’ పత్రిక సంపాదకుడు, ఆర్మేనియన్. జాతిహననాన్ని కాదంటే శిక్షించే బిల్లు 2006లో ఫ్రాన్స్‌లో వస్తే గట్టిగా వ్యతిరేకించాడు. బయటి పార్లమెంట్లు కలగజేసుకుంటే లోపల మాట్లాడేవాళ్లకే కష్టం.

చరిత్ర మాస్టారు:
ఆ బిల్లు విషయంలో నేను డింక్ పక్షమే. తర్వాత అలాంటి చట్టాన్నే 2012లో ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి కొట్టేసింది, మంచిపని చేసింది. కాదన్నవాణ్ని జైల్లో పెట్టడం వేరు, జరిగిందని ఒక పార్లమెంటు ఒప్పుకోవడం వేరు. డింక్‌కు శిక్ష వేసింది టర్కీ కోర్టు, టర్కీతనాన్ని అవమానించాడనే 301వ సెక్షన్ కింద. 2007 జనవరి 19న అతన్ని కాల్చి చంపింది టర్కీ జాతీయవాద యువకుడు, అతని పత్రికాఫీసు ముందే. ఆయన కష్టాలను ప్రవాసుల ఖాతాలో రాయకండి, దయచేసి.

ఇంకో సంగతి. 1919లో, ఆ జాతిహననం నాటి ఒట్టోమన్ హోంమంత్రి తలాత్ పాషాకు అతను లేకుండానే మరణశిక్ష వేసింది ఇస్తాంబుల్‌లోని ఒట్టోమన్ సైనిక న్యాయస్థానమే. ఇది బయటివాళ్లు అల్లిన అభియోగం కాదండీ.

చెన్నై నుంచి:
చిన్న మాట. దూరాన ఉన్నవాళ్లు దేశం గురించి మాట్లాడటం ఆర్మేనియన్లకు కొత్త కాదు. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో వెలువడింది ఇక్కడే, మద్రాసులో. స్వతంత్ర ఆర్మేనియాకు రాజ్యాంగం ఎలా ఉండాలో ముందే రాసిపెట్టిన షహమీర్ షహమీరియాన్ కూడా మద్రాసు వర్తకుడే. అప్పటికి దేశమే లేదు!

యెరెవాన్ మెడికో:
అవన్నీ సరే మాస్టారూ. 2023 సెప్టెంబరులో కరాబఖ్‌ను అజర్‌బైజాన్ పూర్తిగా స్వాధీనం చేసుకోవడంతో అక్కడి నుంచి లక్షమందికి పైగా ఒట్టి చేతులతో ఇటు వచ్చారు. టర్కీ చెప్పే కారణమే ఇక లేదు. రేపు వాళ్లు ‘ఏప్రిల్ 24 మాట ఎత్తకండి, సరిహద్దు తెరుస్తాం’ అంటే ఈ జనం ఏం చేయాలి? అయినా ప్రవాస సంఘాలు సరిహద్దు తెరవమని ఎప్పుడైనా అడిగాయా?

గ్లెండేల్ తెలుగు:
అడిగాయి తమ్ముడూ. అమెరికా పంపే సహాయాన్ని అడ్డుకునే దేశానికి అమెరికా నిధులు ఆపేలా 1990లలో కాంగ్రెస్‌లో చట్టం తెప్పించడానికి కష్టపడ్డది ఇక్కడి ఆర్మేనియన్లే. ఆర్మేనియాకు దారి మూసిన టర్కీయే దాని గురి. తర్వాత క్లింటన్ టర్కీకి మినహాయింపు ఇచ్చాడు.

చరిత్ర మాస్టారు:
మెడికో గారూ, ఆ పరిస్థితే వస్తే యెరెవాన్ ప్రభుత్వం తన నోరు కట్టేసుకోవచ్చు. దాన్ని తప్పుపట్టను, ఆకలి తెలిసినవాళ్లు తీసుకునే నిర్ణయం అది. ప్రవాస సంఘాలు కూడా ప్రతి కరచాలనాన్నీ ద్రోహం అనడం మానాలి. కానీ మరాష్ నుంచి తరిమేసినవాళ్ల మనవరాలు పారిస్‌లో ఏం మాట్లాడాలో ఆ ఒప్పందంలో రాయించుకునే అధికారం అంకారాకు లేదు, రాసిచ్చే అధికారం యెరెవాన్‌కు లేదు.

యెరెవాన్ మెడికో:
1990లలో అడిగారు, సంతోషం. ఈ ఏప్రిల్ 24న లాస్ ఏంజెలెస్‌లో టర్కీ కాన్సులేట్ ముందు నిలబడినప్పుడు ‘సరిహద్దు తెరవండి’ అనే ప్లకార్డు కూడా పట్టుకోమనండి. నేను అడుగుతున్నది అదే.