ఐరిష్ బుజూకీ పక్కవాద్యం: రీల్ మొదలవగానే చేయి బిగుసుకుపోతోంది

ప్రశ్న:
నమస్కారం అండి. ఉద్యోగం మీద డబ్లిన్ వచ్చి మూడేళ్లయింది. ఇక్కడి పబ్బుల్లో సంగీతం వచ్చినవాళ్లంతా కూడి వాయించే సెషన్లు వినీ వినీ ఇష్టం పెరిగి, పోయిన ఏడాది గిటార్ లాంటిదే, నాలుగు జతల తీగలుండే బుజూకీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గిటార్ కొంచెం వచ్చు. తీగలు జీ-డీ-ఏ-డీకి శ్రుతి చేసుకున్నాను. ఇంట్లో బాగానే వాయిస్తాను. సెషన్‌లో ఫిడేలు వాళ్లు రీల్ అనే వేగమైన నాట్య ట్యూన్ అందుకోగానే కుడి చేయి బిగుసుకుపోయి అర నిమిషంలో లయ తప్పుతున్నాను. నేను వేసే కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు విని మొన్న ఒక పెద్దాయన "నీ కార్డుల కింద ట్యూన్ వినపడటం లేదు" అన్నారు. ఆ మాటకి చాలా బాధేసింది. ఎక్కడ సరిదిద్దుకోవాలి?

జవాబు:
బాధపడకండి. ఆయన చెప్పింది మీకు పనికొచ్చే మాటే. ముందు చేయి సంగతి చూద్దాం, కార్డులు తర్వాత.

నేను చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాను. అందుకే జతులతో చెప్పుకుంటేనే నాకు ఇది ఎక్కింది. జిగ్ అనే ఇంకో రకం నాట్య ట్యూన్ అంటే తకిట తకిట. రీల్ అంటే తకదిమి తకదిమి. రీల్‌లో తీగలు మీటే పిక్ కిందికీ పైకీ ఆగకుండా ఊగుతూనే ఉండాలి. తీగకు తగలకపోయినా ఫర్వాలేదు, ఊపు మాత్రం ఆగకూడదు. జిగ్‌లో అలా కాదు. కింద-పైన-కింద, మళ్లీ కింద-పైన-కింద. అంటే 'ట' కిందికే, వెంటనే వచ్చే 'త' కూడా కిందికే. గిటార్ అలవాటున్న చేయి సరిగ్గా ఇక్కడే మొండికేస్తుంది. ఒక వారం పాటు ఎడమచేత్తో తీగలన్నీ మూసేసి, టక్ టక్ అని మాత్రమే వినపడేలా, నోటితో జతి చెబుతూ వాయించండి. లయ కొట్టే మెట్రోనోమ్‌ని సెషన్ వేగంలో సగానికి పెట్టుకోండి.

బిగుసుకుపోవడానికి ఇంకో కారణం, ప్రతి దెబ్బకీ ఎనిమిది తీగలూ కొట్టాలనుకోవడం. 'త' మీద లావు తీగల జతలు, మిగతా అక్షరాల మీద సన్న జతలు ఒకటో రెండో తగిలితే చాలు. దెబ్బ మోచేతి నుంచి కాదు, మణికట్టు నుంచి రావాలి. పిక్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మందం ఉన్నది వాడి చూడండి.

ఇక కార్డులు. మీ శ్రుతిలో పై మూడు జతలు డీ-ఏ-డీ. డీని షడ్జమం అనుకుంటే అది అచ్చంగా స-ప-స, మన తంబురా! ఐరిష్ ట్యూన్లలో చాలావరకు శంకరాభరణం, హరికాంభోజి, ఖరహరప్రియ, నఠభైరవి రాగాల స్వరాలే వినిపిస్తాయి. మొదటి రెండింటిలో అంతర గాంధారం (ఎత్తైన గ), తర్వాతి రెండింటిలో సాధారణ గాంధారం (దించిన గ). మీరు కార్డులో ఏదో ఒక గాంధారం పెడితే ట్యూన్‌ని ఒక పక్కకి లాగినట్టే. గాంధారమే లేకపోతే ఫిడేలు ఎటు తిరిగినా మీరు అడ్డురారు. ఆ పెద్దాయన ఎత్తిచూపిన చోటు ఇదే అని నా నమ్మకం.

లావు జత నుంచి సన్న జత వైపు, ఎన్నో ఫ్రెట్ (మెట్టు) నొక్కాలో లెక్కపెడితే (0 అంటే నొక్కకుండా), డీకి 2-0-0-0, జీకి 0-0-5-5, ఏకి 2-2-0-2. నెల రోజులు ఈ మూడింటితోనే గడపండి. ట్యూన్ మొదటి ఆవృత్తిలో వాయించకుండా వినండి. ఎనిమిది బార్ల (తాళం చుట్ల) భాగాలు రెండు ఎక్కడ మారుతున్నాయో చెవికి అందాక అందుకోండి.

ఇంకొకరు:
వినడం గురించి నేనూ ఒక మాట చెబుతాను. 1960లలో జానీ మోయ్నిహాన్ అనే ఐరిష్ సంగీతకారుడు ఈ గ్రీకు వాద్యాన్ని ఐరిష్ సంగీతంలోకి తెచ్చారు. తర్వాత డోనల్ లనీ అనే ఇంకో సంగీతకారుడి కోసం పీటర్ అబ్నెట్ ఐరిష్ తరహా బుజూకీ తయారుచేశారు. లనీ ప్లాంక్స్టీ బృందంలో వాయించినవి లయ కోసం వినండి. డి డానన్ బృందంలో అలెక్ ఫిన్ మూడు జతల గ్రీకు బుజూకీనే ఉంచుకుని, ఫిడేలు చుట్టూ పూలు కట్టినట్టు చిన్న చిన్న స్వరాలు అల్లేవారు. ఇద్దరి దారులూ వేరు. రెండూ మీకు అవసరమే.

అలాగే, సెషన్‌లో అప్పటికే గిటార్ వాయించేవారు ఉంటే, కూర్చునే ముందు వాళ్లని అడగండి. ఇద్దరు రెండు రకాల కార్డులు వేస్తే ఎంత మంచి ట్యూనైనా నలిగిపోతుంది.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. తకిట అనుకుంటుంటే చేయి నిజంగానే వదులవుతోంది. ఒక సందేహం. కొన్ని డీ ట్యూన్లలో మధ్యలో 'ఏ' (A) కార్డు వేస్తే అస్సలు అతకడం లేదు. ఎందుకు?

జవాబు:
అవి హరికాంభోజి తరహావి. అక్కడ నిషాదం సీ షార్ప్ కాదు, సీ. ఏ బదులు సీ కార్డు వేయండి: 5-5-3-0. చివరి డీ అలాగే మోగనివ్వండి, అందం అంతా అందులోనే ఉంది. బీ మైనర్ 4-4-2-0 మీకు వచ్చి ఉంటే, అదే పట్టుని ఒక ఫ్రెట్ పైకి జరిపితే సీ. వేళ్లు ఎత్తకుండా జారించండి.

అడిగినవారు:
పనిచేసింది! స్లిప్ జిగ్‌కి కూడా తకిటేనా?

జవాబు:
తకిటే, రెండుసార్లు కాదు, మూడుసార్లు. కొత్తలో నాలుగోది కూడా కొట్టాలనిపిస్తుంది. బార్ మొదటి 'త' ఒక్కదాన్నే లావు జత మీద గట్టిగా వేసి, మిగతావి మెల్లగా వాయిస్తే లెక్క తప్పదు.