డార్క్ ఫాంటసీ వెబ్ నవల అనిమే చూసేవాళ్ళకి నిజంగా నచ్చుతుందా?

నల్లపొద్దు:
డార్క్ అనిమే (జపాన్ యానిమేషన్) అంటే పడిచచ్చేవాళ్ళు, ఇంటర్నెట్‌లో అధ్యాయాలుగా వచ్చే వెబ్ నవలల జోలికి రాకపోవడం నాకు బాధగా ఉంటుంది. వాళ్ళు వెతికే సరుకు అక్కడ కుప్పలుగా ఉంది. రక్తం, తెగిన చేతులు ఎవరైనా చూపిస్తారు. మనల్ని పట్టి కూర్చోబెట్టేది శక్తికి కట్టాల్సిన వెల. వెబ్ నవలలో ఆ వెల మెల్లగా, పైసాతో సహా వసూలవుతుంది.

ఉదాహరణకి లార్డ్ ఆఫ్ ది మిస్టరీస్. చైనాలో 2018 నుంచి 2020 దాకా ధారావాహికగా వచ్చింది, ప్రధాన కథ పూర్తయింది. అందులో శక్తి కావాలంటే పోషన్, అంటే మంత్రద్రావకం తాగాలి. మొత్తం 22 మార్గాలు, ఒక్కోదాంట్లో 9వ మెట్టు నుంచి 0 దాకా ఎక్కాలి. తాగేస్తే పని అయిపోదు. ఆ మెట్టు పేరు క్లౌన్ అయితే రోజువారీ బతుకులో క్లౌన్‌లా నటించాలి, అప్పుడే పోషన్ అరుగుతుంది. అరగకముందే తొందరపడి పైమెట్టుది తాగితే అదుపు తప్పి మనిషి కాస్తా వికృత జీవి అయిపోతాడు. నియమాలున్న శక్తుల్ని ఇష్టపడే అనిమే ప్రేక్షకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

తెరముందు:
ఒప్పుకోను. నియమాల పట్టిక నచ్చడం వేరు, కథ నచ్చడం వేరు. అనిమే ప్రేక్షకుడు బొమ్మకీ, గొంతుకీ, సంగీతానికీ, నిశ్శబ్దానికీ అలవాటుపడ్డవాడు. రెండు సెకన్ల మౌనంతో అనిమే పుట్టించే భయాన్ని వెబ్ నవల నాలుగు పేరాల్లో "అతని వెన్నులో చలి పాకింది" అని చెబుతుంది. పది అధ్యాయాల తర్వాత అదే చలి, అదే వెన్ను.

ఇంకోటి. రోజూ అధ్యాయం పెట్టాలి, చాలా చైనా సైట్లలో ఉచిత భాగం దాటాక వెయ్యి అక్షరాలకింత అని లెక్కగట్టి డబ్బు తీసుకుంటారు. అందుకే నిన్నటి సంగతి ఇవాళ మళ్ళీ చెప్పడం, హీరో ఒక దెబ్బ కొడితే చుట్టూ ఉన్న ఆరుగురూ విడివిడిగా ఆశ్చర్యపోవడం. ఈ సాగదీతని లోతు అని అమ్మకండి.

మూడోకన్ను:
లార్డ్ ఆఫ్ ది మిస్టరీస్‌కి అనిమే వచ్చేసిందిగా, 2025లో. చూస్తే సరిపోతుంది.

గీతలపుస్తకం:
అది అనిమే కాదు, డాంగ్‌హువా. చైనాలో తీసింది.

మూడోకన్ను:
బొమ్మలు కదులుతున్నాయి కదండీ, చూసేవాడికి తేడా ఏంటి?

గీతలపుస్తకం:
తేడా ఉంది. ఎవరు తీశారో వాళ్ళ పేరు వాళ్ళకి దక్కాలి.

నల్లపొద్దు:
చూస్తే సరిపోదు అన్నదానికి ఆ సిరీసే సాక్ష్యం. నవల మొదటి సంపుటి 213 అధ్యాయాలు. దాన్ని 13 ఎపిసోడ్లలో పట్టించారు, అంటే ఎపిసోడ్‌కి సగటున 16 అధ్యాయాలు. బొమ్మలు అద్భుతం, నేనేం కాదనను. కానీ కొత్తగా చూసేవాళ్ళ మీద పేర్లు, సంస్థలు, మార్గాలు ఒక్కసారిగా వచ్చి పడతాయి.

కోతలో పోయేవి ఎలాంటివో చూడండి. నవల మొదట్లో హీరో పరాయి శరీరంలో మేలుకుంటాడు. బల్ల మీద రివాల్వర్, తెరిచిన నోట్‌బుక్, కిటికీలోంచి ఎర్రటి వెన్నెల. అద్దంలో చూసుకుంటే కణత దగ్గర గుండు దిగిన గాయం, దానంతటదే కదులుతూ పూడుకుంటోంది. ఇంత వరకు తెర మీద గొప్పగా వస్తుంది. ఆ తర్వాత నవల ఏం చేస్తుందంటే, అతన్ని కూర్చోబెట్టి డబ్బు లెక్కపెట్టిస్తుంది. 1 పౌండ్‌కి 20 సోలీలు, 1 సోలీకి 12 పెన్నీలు. రొట్టెకెంత, అద్దెకెంత, అన్నయ్య జీతంలో మిగిలేదెంత. ఆ లెక్కలు చదివాక అతను ప్రమాదకరమైన కొలువుకి ఎందుకు ఒప్పుకున్నాడో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పేదరికం తెలిస్తేనే అతను పోగొట్టుకునేదాని బరువు తెలుస్తుంది. దాన్ని సాగదీత అనకండి.

తెరముందు:
సరే, సూటిగా చెప్పండి. కొత్తవాళ్ళు ఎన్ని అధ్యాయాలు ఓపిక పట్టాలి?

మూడోకన్ను:
30.

వానచినుకు:
30 చాలదు, 100 అయినా చదవాలి.

తెరముందు:
చూశారా. అనిమేకి మూడు ఎపిసోడ్ల గడువిస్తాం, గంటకి కాస్త అటూ ఇటూ. 100 అధ్యాయాలంటే ఎన్ని గంటలు? "ముందు ముందు బాగుంటుంది" అనే మాట మీద ఎవరైనా అన్ని గంటలు ఎందుకు పెట్టాలి?

నల్లపొద్దు:
అధ్యాయాల అంకె పెట్టుకోవడమే తప్పు. ఆర్క్ పెట్టుకోండి. మొదటి చిక్కుముడి మొదలై విడిపోయే దాకా చదవండి. అది 12 అధ్యాయాల్లో తేలొచ్చు, 40 పట్టొచ్చు. అప్పటికీ హీరో తీసుకున్న ఒక్క నిర్ణయమైనా మిమ్మల్ని ఇబ్బంది పెట్టకపోతే వదిలేయండి.

తెరముందు:
అంకె అడిగితే అంకె చెప్పరు.

అక్షరాలసంత:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. మొదటి ఆర్క్‌లోనే జనం పారిపోవడానికి పెద్ద కారణం అనువాదం. మనలో చాలామంది చదివేది ఇంగ్లీషులో, అందులోనూ యంత్రం చేసి పైపైన సవరించినవి బోలెడు.

జపనీస్, కొరియన్ వాక్యాల్లో కర్తని తరచుగా వదిలేస్తారు. తెలుగులోనూ వదిలేస్తాం, కానీ "వచ్చాడు", "వచ్చింది" అనగానే క్రియలో సగం సంగతి తెలిసిపోతుంది. వాళ్ళ క్రియలో ఆ గుర్తు ఉండదు. యంత్రం "అతను", "ఆమె" అని ఊహించి పెట్టేస్తుంది. ఒకే పేరాలో హంతకుడు ఆడమనిషై, మళ్ళీ మగవాడైపోతాడు. భయం పుట్టాల్సిన చోట ఎవరు ఎవర్ని పొడిచారో అర్థం కాదు.

పరీక్ష సులువే. మధ్యలో ఒక అధ్యాయం, అందులోనూ ముగ్గురు మాట్లాడుకునే సన్నివేశం తెరవండి. ఏ మాట ఎవరిదో రెండోసారి చదవకుండా తెలిస్తే అనువాదం పర్లేదు. తర్వాత మొదటి అధ్యాయంలోని రెండు పేర్లు, ఒక శక్తి పేరు తీసుకుని చాలా వెనకాల అధ్యాయంలో వెతకండి. స్పెల్లింగ్ మారిపోయిందంటే మధ్యలో అనువాదకుడు మారాడన్నమాట. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన రాసుకుంటే నెట్టుకురావచ్చు.

వానచినుకు:
ఇది పనికొచ్చే మాట. థాంక్సండీ.

తెరముందు:
చూడండి, చదవడానికి ముందే ఇంత చాకిరీ! అనిమేకి సబ్‌టైటిల్ పెట్టుకుంటే చాలు.

నల్లపొద్దు:
కష్టపడకుండా రావాలంటే ఏదీ రాదు. చదవడానికి బద్ధకించేవాళ్ళ కోసం నేను ఈ చర్చ పెట్టలేదు.

తెరముందు:
ఇదిగో, ఈ మాట కోసమే చూస్తున్నాను. చూసేవాడు సోమరి, చదివేవాడు గొప్పవాడు. వెబ్ నవలల వాళ్ళు ప్రతి చర్చలోనూ చివరికి ఇక్కడికే వస్తారు. రీ జీరో అనే అనిమే మొదటి సీజన్ 18వ ఎపిసోడ్ తీసుకోండి. యుద్ధం లేదు, దాదాపు మొత్తం ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుకోవడమే. దాన్ని నెత్తిన పెట్టుకున్నది ఈ సోమరి ప్రేక్షకులే. కొబయాషి యూసుకె, మినాసె ఇనోరి గొంతులు లేకపోతే ఆ సన్నివేశం అంత లోతుకి దిగేదే కాదు.

నల్లపొద్దు:
సోమరి అన్నది నా తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీరు చెప్పిన ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది. రీ జీరో 2012లో ఉచిత వెబ్ నవలగా మొదలైంది, అనిమే 2016లో వచ్చింది. పాతిక నిమిషాల మాటల్ని కట్టిపడేసేలా తీయగలిగారంటే, హీరో లోపలి కుళ్ళంతా ముందే కాగితం మీద ఉంది కాబట్టి. అతను చచ్చిన ప్రతిసారీ వెనక్కి వస్తాడు. ఆ సంగతి ఎవరికైనా చెప్పబోతే గుండెని ఎవరో పిడికిట్లో పట్టి నలిపినట్టవుతుంది. అక్కడ చావు కన్నా చెప్పుకోలేకపోవడం భయంకరం. చెప్పుకోలేనిదాన్ని బయట పెట్టడానికి వచనం కన్నా మంచి చోటు లేదు.

తెరముందు:
బాగా చెప్పారు, ఒప్పుకుంటాను. కానీ నా కోపం అసలు ఎందుకో ఇప్పుడు చెబుతాను. లోతు ఉందా లేదా అని కాదు. మీరు మొదటి పోస్టులోనే "వెల" అన్నారు, ఆ మాటనే పట్టుకుంటాను. వెల ఎంతో చివర్లో తేల్చాలి. తేల్చని వెల అప్పు వాయిదా వేయడంతో సమానం. ఎన్ని వెబ్ నవలలు చివరి దాకా వెళ్తున్నాయి? రెవరెండ్ ఇన్సానిటీ 2300 పైచిలుకు అధ్యాయాలు నడిచి 2019లో ఆగిపోయింది, ఇప్పటికీ పూర్తికాలేదు. అంత దూరం వెంట నడిచినవాడికి దక్కిందేంటి?

గీతలపుస్తకం:
బెర్సెర్క్ మాంగా (జపాన్ కామిక్) సంగతేంటి మరి? దాన్ని గీసిన మియురా కెంతారో 2021లో పోయారు. అది పూర్తి కాలేదని చదవొద్దంటామా?

తెరముందు:
అది చావు ఆపిన కథ. 2022 నుంచి ఆయన స్నేహితుడు మోరి కోజి పర్యవేక్షణలో శిష్యులు కొనసాగిస్తున్నారు కూడా. రోజుకింత అని రాసి, ఎటు పోతోందో రాసేవాడికే తెలియక వదిలేసేవాటి గురించి నేను మాట్లాడుతున్నాను.

నల్లపొద్దు:
ఇక్కడే మనిద్దరి దారులు వేరు. నాకు ముగింపు రెండో సంగతి. ఒక మనిషి పాడైపోవడాన్ని రోజూ కొంచెం కొంచెంగా, పక్కన కూర్చుని చూడటం ముఖ్యం. 500వ అధ్యాయంలో అతను అబద్ధమాడితే, 20వ అధ్యాయంలో అదే అబద్ధానికి గొంతు వణికిన సంగతి గుర్తుండాలి. ఆ దూరాన్ని 13 ఎపిసోడ్లు ఇవ్వలేవు. కథ మధ్యలో ఆగినా అప్పటిదాకా చూసింది ఎక్కడికీ పోదు.

తెరముందు:
నాకు పోతుంది. ఆ దిగజారుడు ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే చూసిందంతా వట్టి హింసే. డార్క్ కథకి ముగింపే ప్రాణం. నిలబడతాడో కూలిపోతాడో, ఏదో ఒకటి తేలాలి.

అక్షరాలసంత:
అలాగైతే మీరు చదవాల్సినవి పూర్తయిన వెబ్ నవలలే. మొదలుపెట్టే ముందు మూల భాషలో పూర్తయిందా, అనువాదమూ పూర్తయిందా అని రెండూ విడివిడిగా చూసుకోండి. చాలామంది మొదటిది చూసి రెండోది మర్చిపోతారు.

వానచినుకు:
ఇంకోటి, అనిమే ఆగిన చోటు నుంచి నవల మొదలుపెట్టకండి. కోసేసిన చిన్న పాత్రలు ముందు ముందు పెద్ద పనులు చేస్తాయి, వాళ్ళెవరో తెలియక తికమక పడతారు. కనీసం చివరి రెండు ఎపిసోడ్ల భాగం నవలలో మళ్ళీ చదవండి.

తెరముందు:
నల్లపొద్దు గారూ, ఒక్కటి అడుగుతాను. ఆ 213 అధ్యాయాల దగ్గర ఆపేస్తే అది ఒక కథగా నిలుస్తుందా? ఏదైనా తేలుతుందా?

నల్లపొద్దు:
తేలుతుంది. అతను ఏం పోగొట్టుకున్నాడో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

తెరముందు:
అయితే 213 దాకా చదువుతాను. అక్కడ తేలలేదనిపిస్తే ఇక్కడికే వచ్చి అడుగుతాను.