బీఎండబ్ల్యూ 1 సిరీస్ హ్యాచ్‌బ్యాక్‌ను అమెరికాలో అమ్మితే కొనేవారుంటారా?

న్యూజెర్సీలో నివసిస్తున్న నేను, జర్మనీలోని బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు నడిపిన బీఎండబ్ల్యూ 1 సిరీస్ హ్యాచ్‌బ్యాక్‌ను మరచిపోలేక మీ అభిప్రాయం కోరుతున్నాను. 2004లో ఐరోపాలో విడుదలైన ఆ ఐదు తలుపుల కారు అమెరికాకు రాలేదు; 2008లో ఆ పేరుతో ఇక్కడికి వచ్చినవి రెండు తలుపుల కూపే, పైకప్పు తెరుచుకునే కన్వర్టిబుల్ మాత్రమే. అంతకుముందు, 1990లలో, 318టీఐ అనే మూడు తలుపుల హ్యాచ్‌బ్యాక్‌ను ఆ సంస్థ ఇక్కడ కొన్నేళ్లు అమ్మి ఆపేసింది. అమెరికన్లు ఎస్‌యూవీల వైపు మొగ్గుతున్నారన్నది నిజమే, చిన్న కారు కోరేవారికి అదే సంస్థకు చెందిన మినీ కూడా ఉంది. అయినా ఇరుకు వీధిలో సులువుగా నిలపగలిగి, వెనుక తలుపు ఎత్తితే పెద్ద సామాను సైతం పట్టే కారుకు గిరాకీ ఉండదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. 318టీఐ వాడినవారు గానీ, ఇక్కడి కార్ల విక్రయ రంగంలో పనిచేసినవారు గానీ దయచేసి చెప్పగలరా: 1 సిరీస్ హ్యాచ్‌బ్యాక్ ధర బీఎండబ్ల్యూ చిన్న ఎస్‌యూవీ అయిన ఎక్స్1కు దగ్గరగా ఉంటే, కొనుగోలుదారులు దేనిని ఎంచుకుంటారు?