అమెరికా గిటార్ ఆంప్‌ని 230 వోల్టులకి మార్చడం కుదురుతుందా?

అన్నలూ, మా బావ అమెరికా నుంచి వస్తూ తన పాత వాల్వ్ ఆంప్ (గాజు ట్యూబులతో పనిచేసేది) నాకిచ్చేశాడు. 15 వాట్లది. వెనక ప్లేటు మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది. మనకేమో 230, 50. అందుకే ఇంకా ప్లగ్ పెట్టలేదు.

వెనక చెక్క విప్పి చూశాను. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో చార్జ్ మిగులుతుంది కాబట్టి లోపల చెయ్యి పెట్టలేదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెండు నల్ల వైర్లు ఫ్యూజ్, స్విచ్ వైపు వెళ్తున్నాయి. ఇంకో రెండింటికి కొసల్లో స్లీవ్ తొడిగి పక్కకి కట్టేశారు. అవి రెండో ప్రైమరీ వైండింగే (మెయిన్స్ కరెంటు వచ్చే వైపు తీగ చుట్టే) అయితే, మొదటిదానితో సిరీస్‌లో కలిపి 240కి వాడొచ్చు కదా? అవునో కాదో మీటర్‌తో ఎలా తేల్చుకోవాలి? ఫేజ్ తిరగబడితే, అంటే ఒక చుట్టు కొసలు తారుమారైతే, ట్రాన్స్‌ఫార్మర్ గోవిందా. ఫ్యూజ్ కూడా ఇప్పుడున్న దాంట్లో సగం ఆంపియర్లది వెయ్యాలి, అది సులువే.

ఇక్కడ వైజాగ్ డాబాగార్డెన్స్‌లో అడిగితే "స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకో బాబూ, గొడవ వదిలిపోద్ది" అన్నారు. అది వోల్టేజీ దించుతుంది గానీ హెర్ట్జ్ మార్చదుగా! 60కే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ కోర్ (లోపలి ఇనప దిమ్మ) 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది. పైగా ఆ బరువు ప్రతి ప్రోగ్రాంకీ ఎవడు మోస్తాడు?

వైజాగ్‌లో వాల్వ్ ఆంప్‌లు చూసే మెకానిక్ ఉన్నారా? ఎవరైనా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకుని ఉంటే, వైండింగ్ వాళ్లకి ఏమేం చెప్పి చేయించారో కాస్త చెప్పండి.