చిటికెడు ఉప్పుతో నమ్మడం అంటే?

మాది సఖినేటిపల్లి దగ్గర పల్లె. మొన్న తొమ్మిదో తరగతి పిల్లలకి తిండిమాటలున్న ఇంగ్లీషు జాతీయాలు చెబుతూ, ‘టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్’ అంటే ఏమిటో ఊహించి రాయమన్నాను. సగం మంది ‘ఉప్పూ కారం జోడించి చెప్పడం’ అని రాశారు. కొట్టేయబోయి ఆగాను. తెలుగు తెలిసిన పిల్లలు మరి అలాగే రాస్తారు కదండీ! మనకి ఉప్పూ కారం వేసేది కబురు చెప్పేవాడు. ఇంగ్లీషులో ఆ ఉప్పు వేసుకునేది వినేవాడు, విన్నదంతా నిజమని మింగెయ్యకుండా. బోర్డు మీద ఈ ఒక్క తేడా రాస్తే చాలు, పిల్లలకి పట్టుబడిపోయింది.

క్రీస్తుశకం 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, మిత్రిడాటీస్ రాజు దగ్గర దొరికిన విషపు విరుగుడు ఒకటి రాశాడు. 2 ఎండు అక్రోటు కాయలు, 2 అంజూరాలు, 20 సదాపాకులు కలిపి నూరి ఓ ఉప్పురవ్వ చేర్చి పరగడుపున తినాలట. ఈ జాతీయానికి మూలం అదేనని చాలామంది చెబుతారు. నాకూ నచ్చిన కథే. కబురు కూడా ఒక్కోసారి విషమే.

మరి తెలుగులో ఏమనాలి? ‘నమ్మీ నమ్మనట్టు విను’ అంటే అర్థం సరిపోయింది గానీ రుచి లేదు. నరసాపురం రేవులో పంటు ఎక్కితే రోజుకో పుకారు: ‘రేపట్నించి పంటు ఆపేత్తారంటండీ!’ ఇలాంటివి ఇంటికి మోసుకొస్తే మా అమ్మమ్మ ‘తేరనియ్యరా, అప్పుడు తాగుదువుగాని’ అనేది. వరదల రోజుల్లో గోదారి ఎర్రనీళ్ళు బిందెతో తెచ్చి, ఇండుపగింజ అరగదీసి కలిపి, మట్టి అడుక్కి దిగాక పైతేట వంచుకునేవారు. ఆ మాట అక్కడిది. చిటికెడు ఉప్పుకి ఇంతకన్నా దగ్గర మాట నాకు కనపడలేదు.

‘పీస్ ఆఫ్ కేక్’తో పెద్ద చిక్కులేదు, నల్లేరు మీద బండి నడక ఉంది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడం అని కొందరు రాశారు గానీ, అది పని తేలికని కాదు, ఎదుటివాడికి తేలిక చేసి ఇవ్వడం. ‘స్పిల్ ది బీన్స్’ అంటే గుట్టు బయటపెట్టడం. చిక్కుడు గింజలు కనపడ్డాయి కదా అని పప్పులో కాలేయొద్దని గట్టిగా చెప్పాను.

ఇక ‘వర్త్ హిజ్ సాల్ట్’ దగ్గర ఆగిపోయాను. మనకి ఉప్పు తిన్నవాడంటే విశ్వాసం. అక్కడ ఆ మాట పనిలో దిట్టకి, ఇచ్చిన కూలికి తగ్గవాడికి. తిన్న ఉప్పు ఊసెత్తకుండా ఆ అర్థం చెప్పే మాట మీ ఇళ్ళల్లో ఏదైనా ఉందా అండీ?