ఇసుక ఇంటికి పిచ్చుక పేరు ఎందుకు వచ్చింది?

నిన్న మన బృందంలో ఒక సోదరి పెట్టిన ఫోటో, దాని కింద అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. ఫోటోలో ఈతమట్టకు వేలాడుతున్న గడ్డి గూడు ఉంది. పైన లావుగా, కింద సన్నని గొట్టంతో ఉంది. దాని మీద “పిచ్చుక గూడు” అని రాసి ఉంది. “ఇంత నేర్పుగా అల్లిన గూటికీ, పిల్లలు పాదం మీద తడి ఇసుక పోసి కట్టే పిచ్చుక గూటికీ పోలిక ఎక్కడ?” అని ఆమె అడిగారు. పోలిక లేదు. ఎందుకంటే ఫోటోలో ఉన్నది పిచ్చుక గూడు కాదు. వ్యాఖ్యలో రాస్తే సరిపోదని విడిగా రాస్తున్నాను.

ఆ వేలాడే గూడు గిజిగాడిది. వానాకాలంలో మగ గిజిగాడి తల పసుపు రంగుకు తిరుగుతుంది. వరి ఆకులనూ పొడవాటి గడ్డినీ సన్నగా చీల్చి తెచ్చి, ముక్కుతో ముడులు వేస్తూ అల్లుతుంది. నీళ్ల మీదికి వంగిన ఈత, తాటి, తుమ్మ చెట్లంటే దానికి ఇష్టం. సగం అల్లాక ఆడపక్షి వచ్చి చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చనివి సగంలోనే ఆగిపోయి, బోర్లించిన గిన్నెల్లా చెట్టుకు వేలాడుతుంటాయి. జాషువా కూడా దీన్ని గిజిగాడు అనే పిలిచారు. ఇంత చక్కని పేరు మన భాషలో ఉండగా, ఆ పనితనాన్ని పిచ్చుక ఖాతాలో వేస్తే ఇద్దరికీ అన్యాయమే.

పొరపాటుకు కారణం లేకపోలేదు. ఆడ గిజిగాడూ, వానాకాలం దాటాక రంగు పోగొట్టుకున్న మగ గిజిగాడూ దూరం నుంచి ఆడ పిచ్చుకలాగే కనిపిస్తాయి. ముక్కు కొంచెం లావు, అంతే. పక్షి శాస్త్రజ్ఞులే ఒకప్పుడు పిచ్చుకలను గిజిగాళ్ల కుటుంబంలో చేర్చి, తర్వాత విడదీశారు.

ఇక అసలు పిచ్చుక, అంటే ఊరపిచ్చుక. ‘ఊర’ అన్న ఆ చిన్న మాటలోనే దాని బతుకంతా ఉంది. మనిషి ఉన్న చోటే అది ఉంటుంది, మన ధాన్యమే తింటుంది, మన గోడలోనే పిల్లల్ని పెడుతుంది. దానికి అల్లడం రాదు. తొర్ర వెతుక్కుంటుంది. పెంకుల కింద సందు, దూలం గోడలో దిగిన చోట మిగిలిన ఖాళీ, గోడకు వాల్చి తగిలించిన పటం వెనుక మూల, ఇవన్నీ దానికి తొర్రలే. దొరికిన ఖాళీలో ఎండు గడ్డి, దారాలు, దూది, ఈకలు కుక్కుతుంది. సగం కింద రాలుతుంది, మిగిలిన సగమే గూడు. చోటు దొరకనప్పుడు ముళ్లకంపలోనూ పెడుతుంది గానీ దాని మనసు తొర్ర మీదే.

మా అమ్మమ్మగారి పెంకుటింట్లో వంటింటి గుమ్మం పక్కన దీపం గూడు ఉండేది. ఒక ఏడాది పిచ్చుక జంట అందులోకి గడ్డి మోయడం మొదలుపెట్టింది. మగదానికి గొంతు కింద నల్లటి మచ్చ, నెత్తిన బూడిద రంగు. ఆడదానికి అలాంటి అలంకారమేమీ లేదు, ఒళ్లంతా మట్టి రంగు, కంటి వెనుక లేత గీత. అమ్మమ్మ రెండు రోజులు ఊడ్చింది. మూడో రోజు దీపాన్ని తీసి ఎదురుగోడ గూట్లో పెట్టి, “పోనీలే, గూట్లో గూడు పెట్టింది” అంది. ఆ మాట విలువ నాకు ఇన్నేళ్ల తర్వాత తెలుస్తోంది.

గోడలో దీపం కోసం వదిలిన ఖాళీ గూడే, పక్షి ఇల్లూ గూడే. పట్టుపురుగు తన చుట్టూ చుట్టుకునేది పట్టుగూడు. కప్పు వేసిన బండి గూడుబండి, కప్పు వేసిన పడవ గూటిపడవ. ఎముకల గూడు అంటాం. మనిషికి కావలసినవి చెప్పేటప్పుడు కూడు, గుడ్డ, గూడు అంటాం. వీటన్నిటిలోనూ తెలుగువాడి చెవికి ‘గూడు’ అనగానే తోచేది అల్లిక కాదు, లోపలి ఖాళీ. చుట్టూ ఏదో మూసి ఉండి, మధ్యలో ఒదిగి కూర్చునే చోటు ఉంటే అది గూడు.

ఇప్పుడు ఇసుక దగ్గరికి రండి. గుమ్మం ముందు కొత్తగా పోసిన ఇసుక కుప్పలో పై పొర తీసేస్తే లోపల తడి తగులుతుంది. పాదాన్ని అందులో పెట్టి, పైన ఇసుక పోసి, అరచేతులతో మెత్తగా తడతాం. తర్వాత ఊపిరి బిగబట్టి పాదాన్ని వెనక్కి లాగుతాం. మిగిలేది ఏమిటి? ఒక దిబ్బ, దానికి పక్కన ఒక తొర్ర. అరచెయ్యి దూరేంత చీకటి సందు. మన పెంకుల కింద పిచ్చుక వెతుక్కునేది సరిగ్గా అలాంటిదే. పిల్లలు పోల్చింది గూటి పైభాగాన్ని కాదు, పాదం వదిలి వెళ్లిన ఖాళీని. నా దృష్టిలో ఆ పేరుకు ఇంతకన్నా దూరం వెళ్లవలసిన పని లేదు.

పత్రికల్లో ఇరుకు ఇళ్లను “పిచ్చుక గూళ్లు” అనడం ఇందులోంచి పుట్టిందే, సులువుగానే అర్థమవుతుంది. “పిచ్చుకపై బ్రహ్మాస్త్రం” గురించి కూడా ఒకరు అడిగారు. ఆ పిట్ట బరువు ముప్పై గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఆ సామెతకు అంతకు మించిన వ్యాఖ్యానం అక్కర్లేదు.

కానీ ఈ చిన్న పిట్టకు సంస్కృత వ్యాకరణంలో దక్కిన గౌరవం మాత్రం తప్పక చెప్పాలి. పాణిని ఒక సూత్రం కేవలం దీని సంతానం కోసమే రాశాడు: “చటకాయా ఐరక్” (4-1-128). చటక అంటే పిచ్చుక. ఆ మాటకు ‘ఐరక్’ అనే ప్రత్యయం చేరిస్తే దాని కొడుకు, చాటకైరుడు. సంస్కృత నిఘంటువు అమరకోశం ఇంకా ఆప్యాయంగా సంసారమంతా లెక్కపెట్టింది. మగది చటకము, కలవింకము అని రెండు పేర్లు. దాని ఆడది చటక. వాటి మగపిల్ల చాటకైరము, ఆడపిల్ల మళ్లీ చటకే. విచిత్రమేమిటంటే, గూట్లోంచి బయటికి వచ్చిన కొత్తలో మగపిల్లా ఆడపిల్లా రెండూ తల్లి రంగులోనే ఉంటాయి, చూసి ఏది ఏదో చెప్పలేం. కంటికి కనిపించని తేడాకు కూడా వ్యాకరణం ఒక ప్రత్యయం కేటాయించింది. రోజూ వాకిట్లో గంతులేసే పిట్ట కాకపోతే ఇంత శ్రద్ధ ఎవరికి పుడుతుంది? మనం తెలుగులో “పిచ్చుక పిల్ల” అని సరిపెట్టుకున్నాం.

చేర్పు 1: వ్యాఖ్యల్లో ఒక పెద్దాయన, “పిచ్చుక గూళ్లు అన్నది గుజ్జనగూళ్లకు వికృతి కాదా?” అని అడిగారు. మంచి ప్రశ్న. కానీ ఆ రెండు ‘గూళ్లు’ వేర్వేరు. గుజ్జనగూళ్లలో ఉన్నది కూడు, అంటే అన్నం. సంధిలో ‘క’ ‘గ’ అయింది. ఆడపిల్లలు చిన్న చిన్న పిడతల్లో ఉత్తుత్తి వంట చేసుకునే ఆట అది. పోతన రుక్మిణి బాల్యం చెబుతూ ఈ మాట వాడిన చోట కూడా వండించి చెలులకు పెట్టించడమే ఉంది, కట్టడం లేదు. ఇసుక ఆటలో ఉన్నది ఇల్లు. ఒకే వాకిట్లో, ఒకే ఇసుకలో రెండు ఆటలూ సాగేవి కాబట్టి మాటలు కలిసిపోయినట్టు అనిపించడం సహజం.

చేర్పు 2: మరొకరు, పిచ్చుకలు దుమ్ములో పొర్లి చేసే గుంటల వల్ల ఆ పేరు వచ్చిందేమో అన్నారు. ఈ వాదన చదివి సంతోషించాను, ఎందుకంటే ఆ దృశ్యాన్ని కళ్లారా చూసినవాళ్లే ఇలా రాయగలరు. మధ్యాహ్నపు ఎండలో పదీపదిహేను చేరి, రొమ్ముతో మట్టిని తోసి తలొక గుంట చేసుకుని, రెక్కలతో దుమ్ము ఎగజల్లుకుంటాయి. ఈకల్లోని పురుగుల్నీ జిడ్డునూ వదిలించుకునే స్నానం అది. పక్క పిచ్చుక తన గుంటలోకి వస్తే పోట్లాడతాయి కూడా. అయినా ఒప్పుకోలేను. ఆ గుంటకు కప్పు లేదు. నేల మీది అలాంటి పల్లాన్ని తెలుగులో గూడు అనరు, గుంట అనే అంటారు.

ఫోటో పెట్టిన సోదరికి ఒక మనవి. ఆ ఫోటో తీసేయకండి, చాలా బాగుంది. కింద పేరు మాత్రం “గిజిగాడి గూడు” అని మార్చండి. మిగతా మిత్రులు మీ మీ ఊళ్లలో ఆ ఇసుక ఇంటిని ఏమంటారో రాయండి. వేరే పేరు ఉంటే, ఆ పేరులో ‘గూడు’ ఉందా లేదా అన్నది నాకు ముఖ్యం.