సమస్య: “కప్పు లేనివాడె గొప్పవాడు” – వచ్చిన పూరణలు, వాటి మీద మన మాటలు

ఈసారి సమస్య ఇచ్చింది నేనే, కాబట్టి నియమాలు మళ్లీ ఒక్కసారి చెప్పేస్తాను. ఇది ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు కట్టి నింపడమే పూరణ. అయిదూ సూర్యగణాలే (మూడు మాత్రల చిన్న గణాలు), అన్నీ గలములే, అంటే గురువు (బరువుగా పలికే అక్షరం) తర్వాత లఘువు (తేలిగ్గా పలికేది). కప్పు, గొప్ప అనే చోట మామూలు యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పోలిక) కుదరదు, రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి వేశాను. విషయం ఫుట్‌బాల్. ఇప్పటికీ బూట్లు విప్పని ఆటగాళ్ల మీదే రాయాలి, వాళ్లలో ఎవరిని మన మనవలు కూడా తలుచుకోవాలో పద్యంలో తేలాలి. “కప్పు” అన్న మాటను ఎలా విరుచుకున్నా, ఏ అర్థంలో వాడుకున్నా అభ్యంతరం లేదు.

ఈ సమస్య ఎందుకు పెట్టానో కూడా చెప్పాలి. డిసెంబరులో మెస్సి ఉప్పల్ స్టేడియానికి వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి మనవాళ్లలో ఒకటే వాదన: ఎవరికెన్ని కప్పులు, ఎవరికెన్ని బాలన్ డోర్‌లు (ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బహుమతి), అందుకని ఎవడు గొప్ప. ఆ లెక్క నాకు ఎప్పుడూ నచ్చలేదు. కప్పు పదకొండు మంది గెలిచేది, ఒక్కోసారి గోల్‌కీపర్ మోకాలికి తగిలిన బంతి గెలిపించేది. మనిషిని గుర్తుపెట్టుకోవడానికి అదొక్కటే కొలత అయితే ఎంతోమందిని పోగొట్టుకుంటాం.

ఇక పూరణలు.

విశాఖ అక్కయ్య:

మార్త పాదమాడ మైదానమే పాడు
పదియునేడు గోల్సు వలను నింపె
మనసు గెలిచినంత మనకింక లెక్కేమి
కప్పు లేనివాడె గొప్పవాడు

బ్రెజిల్ మార్త మీద రాశాను. ప్రపంచ కప్పుల్లో 17 గోల్సు, ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ అంతకన్నా ఎక్కువ వేసినవాళ్లు ఆమె వేసే నాటికి ఎవరూ లేరు. అయిదు ప్రపంచ కప్పుల్లో గోలు వేసింది. ప్రపంచ కప్పు మాత్రం దక్కలేదు. 2007 ఫైనల్లో జర్మనీ మీద ఆమె కొట్టిన పెనాల్టీని కీపర్ ఆపేసింది, ఆ మ్యాచ్ 2-0తో పోయింది. రెండో పాదంలో ప–వ యతి చెల్లుతుందా? అక్కడ నాకు కాస్త టెన్షన్‌గా ఉంది.

నేను: ప ఫ బ భ వ లకు మైత్రి ఉందక్కా, నిశ్చింతగా ఉండండి. మొదటి పాదంలో మా–మై కూడా చక్కగా కుదిరింది. “మైదానమే పాడు” అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. గోళ్లు అనకుండా గోల్సు అనడం కూడా మంచి పని, లేకపోతే వలలో చేతిగోళ్లు పడ్డట్టు ఉండేది. కానీ ఒక పెద్ద చిక్కుంది.

సిద్దిపేట మాస్టారు: ఆ చిక్కేదో నేను చెబుతాను. మార్త ఆడమనిషి కదమ్మా, “గొప్పవాడు” ఎలా అవుతుంది? ఛందస్సు నిలబడింది, అన్వయం కూలింది. సమస్యాపూరణలో అన్వయం పోతే ఇంకేం మిగలదు.

విశాఖ అక్కయ్య: నిజమే మాస్టారూ, రాస్తున్నంతసేపూ అక్కడే ముల్లులా గుచ్చుకుంటోంది, సర్దుకుపోతుందిలే అనుకున్నాను. మూడో పాదం మార్చాను, చూడండి.

మార్త పాదమాడ మైదానమే పాడు
పదియునేడు గోల్సు వలను నింపె
నామె యుండ నింక నననేల లోకాన
కప్పు లేనివాడె గొప్పవాడు

ఆమె ఉండగా ఇంకా “వాడు” అనడం ఎందుకు అని.

సిద్దిపేట మాస్టారు: ఇదీ పూరణంటే! సమస్యలో ఉన్న లోపాన్నే ఎత్తి చూపించి పూరించావు తల్లీ. ఆమె–అననేల, ఆ–అ స్వరయతి (అచ్చుల పోలిక) కూడా సరిపోయింది.

నేను: లోపం నాదే, ఒప్పుకుంటున్నాను. ఆటగాళ్లు అనగానే నా మనసులో మగవాళ్లే మెదిలారు. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడకూడదని చట్టమే ఉండేది. మార్త పుట్టింది 1986లో, ఆ చట్టం పోయిన ఏడేళ్లకి. మగపిల్లల మధ్య ఒక్కతే ఆడి, 14 ఏళ్ల వయసులో బస్సెక్కి రియోకి వెళ్లింది. 2025 మహిళల కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల పోటీ) ఫైనల్లో 39 ఏళ్ల వయసులో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, ఇంజ్యురీ టైమ్‌లో సమం చేసిన గోలు ఆమెదే. ఆ మ్యాచ్ 4-4 అయి పెనాల్టీల్లో బ్రెజిల్ గెలిచింది. ఇంతటి మనిషిని తలుచుకోకుండా “ఆల్ టైమ్ గ్రేట్” అన్న మాట వాడే హక్కు మనకి లేదు.

గుంటూరు తమ్ముడు:

యుద్ధ మిల్లు గాల్ప నూరు వీడిన లూక
సత్రమందు పెరిగి సాము నేర్చె
తలకు నీడలేక తారయై వెలిగెరా
కప్పు లేనివాడె గొప్పవాడు

క్రొయేషియా ఆటగాడు లూకా మోడ్రిచ్ అన్నా. కప్పు అంటే ఇక్కడ పైకప్పు.

నేను: చదివి కుర్చీలోంచి లేచాను తమ్ముడూ. మోడ్రిచ్‌ని “కప్పు లేనివాడు” అంటే మామూలుగా అబద్ధం, రియల్ మాడ్రిడ్‌తో ఆరు ఛాంపియన్స్ లీగ్‌లు (యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు) గెలిచినవాడు. పైకప్పు అనేసరికి అబద్ధం కాస్తా నిజమైపోయింది. 1991 యుద్ధంలో వాళ్ల తాతని చంపేశారు, ఆ తాత పేరూ లూకానే. ఇల్లు తగలబడింది. జాదర్ ఊళ్లో శరణార్థులతో నిండిన హోటల్లో పెరిగాడు, ఆ హోటల్ కారు పార్కింగే అతని మైదానం. పార్కింగ్‌లో బంతి తన్నిన పిల్లాడికి గచ్చు మీద బంతి ఎటు ఎగురుతుందో కాలికి తెలిసిపోతుంది, కుడికాలి బయటి అంచుతో అతను వేసే ఆ పాసు చూసినప్పుడల్లా నాకు ఆ గచ్చే గుర్తొస్తుంది.

సిద్దిపేట మాస్టారు: యు–ఊ యతి బాగుంది. “సత్రం” విషయంలో నాకు అనుమానం, హోటల్‌ని సత్రం అనొచ్చా?

గుంటూరు తమ్ముడు: డబ్బు కట్టి దిగింది కాదు కదండీ మాస్టారూ, ఇల్లు పోయినవాళ్లకి ఇచ్చిన చోటు. అందుకే సత్రం అన్నాను.

సిద్దిపేట మాస్టారు: సరే, ఒప్పుకున్నాను. “సాము” కూడా ఉంచెయ్యి. ఆ పిల్లాడు మరీ సన్నగా ఉన్నాడని మొదట్లో పెద్ద క్లబ్బు తీసుకోలేదని విన్నాను, సాము అన్న మాటకి అక్కడ ఇంకో బరువు వస్తుంది.

రియాద్ నుంచి కరీంనగర్ తమ్ముడు: అన్నలకు నమస్తే, పద్యం రాయడం ఇదే మొదలు, తప్పులుంటే చెప్పండి. ఇక్కడ నైట్ షిఫ్ట్ అయ్యాక అల్ నస్ర్ (ఇక్కడి క్లబ్బు) మ్యాచ్‌కి పోయి రొనాల్డోని కళ్లారా చూసిన.

రొనాల్డో గాలిలోకి లేచి నిలిచాడు
తలతో కొట్టి గోలు వేసినాడు
నలుబదేండ్లు నిండ నాకలి తీరదు
కప్పు లేనివాడె గొప్పవాడు

నేను: స్వాగతం తమ్ముడూ. భావం ఉంది, కళ్లతో చూసింది రాశావు, అది పుస్తకాలు చదివితే వచ్చేది కాదు. ఇక గణాలు. “రొనాల్డో”లో మొదటి అక్షరం లఘువు, తర్వాత రెండు గురువులు, అది య గణం, ఆటవెలదిలో ఎక్కడా ఇమడదు. అందుకే క్రిస్టియానొ అను: క్రిస్టి, యానొ, రెండు గలములు సిద్ధంగా ఉన్నాయి. “తలతో” కూడా సూర్యగణం కాదు, “తలను” అంటే సరి. మూడో పాదంలో గణాలన్నీ సరిపోయాయి, అక్కడ మాస్టారు ఒకటి చెబుతారు.

సిద్దిపేట మాస్టారు: నలుబది–నాకలి, న–నా అని చూసి సంబరపడతాం. కానీ అసలు మాట “ఆకలి”. ఆ న కారం ద్రుతం (ముందు మాట చివర చేరే న) వల్ల వచ్చింది. యతి అచ్చుకి వెయ్యాలి, అంటే న–ఆ అవుతుంది, చెల్లదు. ఇది నలభై ఏళ్లు రాసినవాళ్లూ చేసే తప్పే బాబూ, బాధపడకు.

నేను: ఇద్దరం కలిసి ఇలా సవరించాం, నచ్చితే ఉంచుకో.

క్రిస్టియానొ లేచి గిరివోలె నిలిచెను
గాలిలోన, తలను గలిసె బంతి
నలుబదేండ్లకైన నడుము కట్టెను నేడు
కప్పు లేనివాడె గొప్పవాడు

రియాద్ తమ్ముడు: అన్నా, నేను చూసింది అదే! అందరూ దిగిపోయినంక కూడా ఆయన పైననే ఉన్నడు. చాలా థాంక్స్.

గుంటూరు తమ్ముడు: నాకొక అభ్యంతరం. రొనాల్డోకి 2016 యూరో (యూరప్ దేశాల కప్పు) ఉంది, ఆ దేశాలదే ఇంకో పోటీ నేషన్స్ లీగ్ రెండుసార్లు ఉంది. “కప్పు లేనివాడు” ఎలా?

రియాద్ తమ్ముడు: ప్రపంచ కప్పు లేదు కదా అన్నా. ఆ యూరో ఫైనల్ కూడా యాది చేసుకో, అరగంట కాకముందే మోకాలి దెబ్బకు ఏడ్చుకుంటూ స్ట్రెచర్ మీద పోయిండు. మళ్ల కట్టు కట్టుకొని గీత పక్కన నిలబడి కోచ్ లెక్క అరిచిండు. కప్పు తెచ్చిన గోలు ఆయన జట్టువాడు ఎడర్‌ది. రొనాల్డో గొప్పతనం ఆ కప్పులో లేదు, ఆ కుంటికాలుతో గీత కాడ గంతులేసుడులో ఉంది.

నేను: దీనికి నేను చేర్చేది ఏమీ లేదు. “ప్రపంచ” అన్న మాట పద్యంలో లేకపోవడం మాత్రం లోపమే, అరమార్కు తగ్గిస్తాను.

హైదరాబాద్ నుంచి ఒక మిత్రుడు:

మెస్సి గెలువ కప్పు మేటివాడని యంద్రు
మెరుపు కాళ్ల నాడె మేము గంటి
మపుడె చెప్పినాము, మామాట వినరైరి
“కప్పు లేనివాడె గొప్పవాడు”

సిద్దిపేట మాస్టారు: సమస్యని కొటేషన్‌లో పెట్టి పాత మాటగా చెప్పడం బాగుంది. “నాడె”, “అపుడె” రెండూ ఒకటే, పునరుక్తి. “మెరుపు కాళ్ల యాట మేము గంటి” అనండి, దోషం పోతుంది, అందం వస్తుంది.

హైదరాబాద్ మిత్రుడు: మార్చేశాను మాస్టారూ, ధన్యవాదాలు. నేను రాసింది 2014 ప్రపంచ కప్పు గురించి. మరకానా స్టేడియంలో జర్మనీ మీద ఫైనల్ ఓడాక, టోర్నీలో ఉత్తమ ఆటగాడి బహుమతి తీసుకోవడానికి మెస్సి ఆ కప్పు పక్కనుంచే నడిచి వెళ్లాడు. రెండేళ్లకి కోపా ఫైనల్లో పెనాల్టీ పైకి కొట్టి, దేశానికి ఇక ఆడనన్నాడు. ఆ రోజుల్లో అతన్ని తక్కువ చేసినవాళ్లే 2022 డిసెంబర్ 18 రాత్రి ఖతార్‌లోని లుసైల్‌లో అర్జెంటీనా ప్రపంచ కప్పు గెలిచాక దేవుడన్నారు. ఆ మధ్యలో అతని ఆట ఏం మారింది? మ్యాచ్ మొదట్లో పరుగెత్తకుండా నడుస్తూ, తల అటూ ఇటూ తిప్పి ఎవరెక్కడున్నారో చూసుకోవడం 2014లోనూ ఉంది, 2022లోనూ ఉంది.

నేను: ఆ నడక గురించి ఎవరైనా ఒక పద్యం రాయాలి. చిన్నప్పుడు మా కోచ్ నడిచినవాణ్ని బయటికి పంపేసేవాడు. ఇప్పుడు పిల్లలకి “ముందు చూడు, తర్వాత పరిగెత్తు” అని చెబుతున్నారంటే అందులో మెస్సి వాటా చాలా ఉంది. ఒక ఆటగాడు వచ్చాక మిగతావాళ్లు ఆడే తీరు మారిందా అన్నదే నేను చూసేది.

సికింద్రాబాద్ పెద్దాయన:

లష్కరందు పుట్టె లాఘవంబుల ఛెత్రి
తొంబదైదు గోల్సు, దోసిలొగ్గె
జనుల రండటంచు, జగమెల్ల మరచిన
కప్పు లేనివాడె గొప్పవాడు

సునీల్ ఛెత్రి 1984లో పుట్టింది మా లష్కర్‌లోనే (సికింద్రాబాద్), వాళ్ల నాన్న మిలిటరీ. పెరిగింది వేరే ఊళ్లలో అనుకోండి. దేశానికి 95 గోల్సు. మన జట్టు ప్రపంచ కప్పు ఆడిందే లేదు, ఇక గెలవడం మాట ఎక్కడ.

సిద్దిపేట మాస్టారు: రెండో పాదంలో క్రియ లేదు. “తొంబదైదు వేసి దోసిలొగ్గె” అంటే వాక్యం నిండుతుంది కదా.

సికింద్రాబాద్ పెద్దాయన: ఆలోచించానండీ. కానీ దోసిలి ఒగ్గింది 2018లో, అప్పటికి ఇన్ని గోల్సు లేవు. 95వది 2025 మార్చిలో, రిటైరయ్యాక మళ్లీ వచ్చి మాల్దీవుల మీద వేశాడు. “వేసి” అంటే వరస తప్పుతుంది.

నేను: పెద్దాయన మాటే ఉంచుదాం, క్రియ లోపించినా అర్థం అందుతోంది. ఆ 2018లో ముంబైలో చైనీస్ తైపీ (తైవాన్ జట్టు) మీద 5-0తో గెలిచిన రోజున స్టేడియంలో ఉన్నది రెండున్నర వేల మంది. ఛెత్రి ఆ రోజు మూడు గోల్సు వేశాడు. తర్వాత వీడియోలో చేతులు జోడించి అడిగాడు: తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి వచ్చి తిట్టండి అన్నట్టుగా. రెండు రోజులకి కెన్యా మ్యాచ్, అతని నూరోది. వాన కురుస్తున్నా టికెట్లన్నీ అయిపోయాయి, రెండు గోల్సు వేశాడు. “దోసిలొగ్గె” అన్న ఒక్క మాటలో ఆ వీడియో అంతా ఉంది. ఈ వారం మొదటి స్థానం ఈ పద్యానికే. మోడ్రిచ్ పద్యం చమత్కారంలో దీన్ని దాటింది, కానీ “జగమెల్ల మరచిన” దగ్గర నాకు గొంతు పట్టేసింది.

ఎందుకంటే మనం మరచిపోయేవాళ్లమే. ఇదే పెద్దాయన పాత తరం ఆటగాడు తులసీదాస్ బలరాం మీద కూడా ఒక పద్యం పంపారు, ఇప్పుడు ఆడుతున్నవాళ్లే అన్న నియమం వల్ల తీసుకోలేకపోయాను. సికింద్రాబాద్ మనిషి, ఆయన ఆడిన భారత జట్టుకి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం, రెండు జట్లకీ కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో పోతే మన ఊళ్లో ఎంతమందికి తెలిసింది? ఆడుతున్నప్పుడే ఛెత్రి మీద పద్యం రాయాలి.

ఈజిప్టు ఆటగాడు సలాహ్ మీద వచ్చిన మూడు పూరణల్లోనూ గణాలు తప్పాయి, సవరించి పంపితే చూస్తాను. ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే మీద వచ్చినదాంట్లో అసలు విషయమే తప్పు, 19 ఏళ్లకే 2018 ప్రపంచ కప్పు గెలిచినవాణ్ని కప్పు లేనివాడంటే ఎలా?

విశాఖ అక్కయ్య: ఒక మనవి. వచ్చే వారానికి సమస్య నేనివ్వొచ్చా? “కప్పు లేకయున్న గొప్పదామె.” గణాలు అవే, ప్రాసయతి అదే.

సిద్దిపేట మాస్టారు: అయిదూ గలములే. భేషుగ్గా ఉంది.

నేను: ఇదే ఖాయం. ఆదివారం రాత్రి దాకా గడువు.

రియాద్ తమ్ముడు: అన్నా, మా పక్క జిల్లా నిజామాబాద్ అమ్మాయి గుగులోతు సౌమ్య ఇండియాకు ఆడుతోంది కదా, ఆమె మీద రాయొచ్చా?

నేను: తప్పకుండా రాయి. “గుగులోతు” రెండు లఘువులు, గురువు, లఘువు. దాన్ని సలము అంటారు, అది ఇంద్రగణం (సూర్యగణం కన్నా పెద్దది). మొదటి పాదంలో నాలుగో గణంగా అచ్చంగా సరిపోతుంది. పాదం మొదట యతికి కు, గు, కొ, గొ తో వచ్చే మాట వెతుక్కో.